పదహారు కాల్స్‌లో మాట్లాడుతున్నది ఆరుగురే: ఓ ఆసుపత్రి ఫోన్ లైసెన్సు కేసు

సోమవారం ఉదయం పది కాకముందే డాక్టరు గారి ఫోన్. ఆసుపత్రి నంబరు నుంచి కాదు, ఆయన సొంత సెల్ నుంచి. "ఏమయ్యా, మన నంబరుకి ఒకసారి నువ్వే కొట్టి చూడు" అన్నారు. కొట్టాను. రెండు సెకన్లు నిశ్శబ్దం, తర్వాత బిజీ టోన్. మళ్లీ కొడితే టోన్ కూడా లేదు, దానంతటదే కట్ అయింది. ఐదోసారికి కలిసింది. అప్పుడు మాత్రం మూడు భాషల్లో స్వాగతం, హెల్త్ చెకప్ ప్యాకేజీ ప్రకటన, దాని వెనక ఫ్లూట్ మ్యూజిక్ వరసగా వినిపించాయి.

గుంటూరులో ఓ మల్టీ స్పెషాలిటీ ఆసుపత్రి అది. ఫోన్ సిస్టమ్ పెట్టింది నేనే. 64 ఎక్స్‌టెన్షన్లు (అంటే లోపలి ఫోన్లు), సర్వీస్ ప్రొవైడర్ నుంచి 30 ఛానెళ్ల సిప్ ట్రంకు (డేటా లింకు మీద ఒకేసారి 30 బయటి కాల్స్ మోసే లైను), ఈ కాల్స్ అన్నిటినీ కలపడానికి లోపల సర్వర్ మీద నడిచే పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్. ఆ సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సు ఎక్స్‌టెన్షన్ల లెక్కన కాదు, ఒకేసారి నడిచే కాల్స్ లెక్కన ఇస్తారు. 8, 16, 24, 32 అని మెట్లు ఉంటాయి. వీళ్లకి 16 తీసుకోమన్నదీ నేనే. కాబట్టి ఈ కేసులో మొదటి తప్పు నాది. అది ఎలా జరిగిందో కాసేపట్లో చెప్తాను.

ముందు అందరం తప్పు చోట వెతికాం. ఫోన్ కలవట్లేదంటే ఎవరైనా మొదట అనుమానించేది లైన్లనే. ప్రొవైడర్‌కి కంప్లయింట్ పెట్టాం. రెండు రోజులకి వాళ్ల ఇంజినీరు గ్రాఫ్ పంపాడు. సోమవారం తొమ్మిది నుంచి పదకొండు దాకా ఛానెళ్ల వాడకం 13కీ 15కీ మధ్య ఊగుతోంది. "సార్, మీకు 30 ఇచ్చాం, మీరు సగమే వాడుతున్నారు. పైగా మేం పంపే కాల్‌కి 503 మీ సిస్టమే తిప్పికొడుతోంది" అన్నాడు. సిప్ భాషలో 486 అంటే అవతలి మనిషి బిజీ. 503 అంటే సర్వీసు ఇప్పుడు అందుబాటులో లేదని సిస్టమే చెప్పడం. అతని మాట నిజమే. కానీ గ్రాఫ్ 16 దగ్గర గోడ కట్టినట్టు ఆగి ఉంటే నాకు అప్పుడే వెలిగేది. 15, 14, 13, మళ్లీ 15 అని ఊగుతుంటే లైసెన్సు మీదకి నా ఆలోచన పోలేదు. నెట్‌వర్క్ మీద పడ్డాను. మాటని డేటాగా మార్చే జీ711 కోడెక్‌లో ఒక్కో కాల్‌కి హెడర్లతో కలిపి ఈథర్‌నెట్ మీద 87 కేబీపీఎస్ దాకా పడుతుంది. పదహారు కాల్స్ కలిపినా ఒకటిన్నర ఎంబీపీఎస్ కూడా దాటదు. వీళ్ల లింకు పది. అక్కడ ఏమీ లేదు. ఫైర్‌వాల్ చూశాను, స్విచ్ మార్చాను, ఒక రోజు వృథా అయింది.

ఈలోగా ఇంకోటి జరిగింది. ఐసీయూ నుంచి సిస్టర్ బ్లడ్ బ్యాంకు ఎక్స్‌టెన్షన్‌కి ఫోన్ చేస్తే కలవలేదు. రెండుసార్లు చేసి, చివరికి వార్డు బాయ్‌ని పరుగెత్తించింది. బయటి లైన్ల సమస్యయితే లోపలి ఫోను ఎందుకు ఆగాలి? రెండూ ఒకే బిల్డింగ్‌లో, రెండు అంతస్తుల తేడాలో ఉన్నాయి. ట్రంకుతో దానికి సంబంధమే లేదు. సూపర్‌వైజరు మేడమ్ ఈ సంగతి చెప్పగానే నాకు విషయం తట్టింది. బయటి కాల్, లోపలి కాల్ రెండూ దాటాల్సిన గేటు ఒక్కటే, అది లైసెన్సు.

తర్వాతి సోమవారం ఎనిమిదిన్నరకే వెళ్లి సర్వర్ ముందు కూర్చున్నాను. లైవ్ కాల్స్ స్క్రీన్ తెరిచి పెట్టుకున్నాను. తొమ్మిదీ ఐదుకల్లా పది, పావుకి పద్నాలుగు. తొమ్మిదీ నలభైకి నిండుగా పదహారు. పక్కనే లాగ్‌లో ఎర్ర లైన్లు టపటపా పడుతున్నాయి, లైసెన్సు పరిమితి దాటిందని. ఆ పదహారింటినీ కాగితం మీద ఒక్కొక్కటిగా రాసుకున్నాను. ఈ కేసు మొత్తం ఆ కాగితంలోనే ఉంది.

అపాయింట్‌మెంట్ డెస్కులో ఆరుగురు అమ్మాయిలు. ఆరుగురూ పేషెంట్లతో మాట్లాడుతున్నారు. అవి ఆరు. క్యూలో ఫ్లూట్ వింటూ ఐదుగురు. ఇంకా స్వాగతం మెసేజ్ దగ్గరే ఇద్దరు. ఒక కాల్ కార్డియాలజీ డాక్టరు ఎక్స్‌టెన్షన్‌కి వచ్చి, ఆయన రౌండ్స్‌లో ఉండటంతో సెల్‌కి ఫార్వర్డ్ అయింది. మొత్తం పద్నాలుగు. మిగిలిన రెండు లోపలి కాల్స్, రెండూ డెస్కు నుంచి వెళ్లినవే. "అమ్మా, లైన్‌లో ఉండండి, డాక్టరు గారు ఎన్నింటికొస్తారో కనుక్కుని చెప్తా" అని పేషెంటుని హోల్డ్‌లో పెట్టి ఓపీ అసిస్టెంటుకి కొట్టిన ఫోన్లు. పేషెంటు హోల్డ్‌లో ఉన్నది ఒక కాల్, అసిస్టెంటుతో మాట్లాడేది ఇంకో కాల్. మాట్లాడే అమ్మాయి ఒక్కతే, లెక్కలో మాత్రం రెండు.

ప్రొవైడర్ గ్రాఫ్ గుట్టు కూడా ఆ కాగితంతోనే విడిపోయింది. లోపలి కాల్స్ రెండూ ట్రంకు మీదకి రావు. కాబట్టి పదహారులో రెండు పోయి పద్నాలుగు. సెల్‌కి ఫార్వర్డ్ అయిన కాల్ మాత్రం ట్రంకులోంచి లోపలికొచ్చి, మళ్లీ ట్రంకులోంచే బయటికెళ్తుంది. లైసెన్సుకి ఒకటి, ట్రంకుకి రెండు ఛానెళ్లు. పద్నాలుగుకి ఒకటి కలిపితే పదిహేను. అందుకే గ్రాఫ్ పదిహేను చూపించింది. లోపలి కాల్స్ పెరిగితే అదే 13కి దిగేది. లైసెన్సు పదహారు దగ్గర బిగుసుకుని కూర్చుంటే, బయటి నుంచి చూసేవాళ్లకి అంకె ఊగుతూ కనిపించింది.

ఇక్కడ ఒక మాట. ఏది ఒక కాల్ కిందికి వస్తుందో అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఒకేలా ఉండదు. కొన్ని బయటి కాల్స్‌నే లెక్కిస్తాయి. కొన్ని ఫార్వర్డ్ కాల్‌ని రెండుగా చూస్తాయి. కొన్ని యూజర్లకి లైసెన్సు అమ్మి కాల్స్ వదిలేస్తాయి. వీళ్ల సాఫ్ట్‌వేర్‌లో మాత్రం లోపలివీ, బయటివీ, క్యూలో ఉన్నవీ, రికార్డింగు వింటున్నవీ, వాయిస్‌మెయిల్‌లో ఉన్నవీ అన్నీ కాల్సే. చాలామంది భయపడే రింగ్ గ్రూపుకి మాత్రం ఇబ్బంది లేదు. ఒక కాల్‌కి ఆరు ఫోన్లు ఒకేసారి మోగినా లెక్క ఒకటే. కొనేముందు డీలరుని "పదహారు అంటే పదహారు ఏవి?" అని అడిగి, జవాబు మెయిల్‌లో రాయించుకోవాలి. నేను అడగలేదు.

నా తప్పు సంగతి. మా పనిలో ఒక వాడుక లెక్క ఉంది: ఎక్స్‌టెన్షన్లని నాలుగుతో భాగించు. 64కి 16. మామూలు ఆఫీసుకి ఇది బాగానే సరిపోతుంది, ఎందుకంటే అక్కడ ఫోన్ ఎత్తేదీ చేసేదీ కూర్చున్నవాళ్లే, అందరూ ఒకేసారి మాట్లాడరు. ఆసుపత్రికి ఫోన్ చేసేది బయటి జనం. ఎన్ని ఫోన్లు వస్తాయో లోపలున్న ఎక్స్‌టెన్షన్లు తేల్చవు. వార్డుల్లో ఉన్న ఫోన్లు రోజుకి ఐదుసార్లు మోగితే ఎక్కువ. డెస్కు ఫోన్లు గుక్క తిప్పుకోవు. రెంటినీ కలిపి నాలుగుతో భాగిస్తే వచ్చే అంకెకి అర్థం లేదు.

డాక్టరు గారికి కాగితం చూపించాను. ఆయన వెంటనే అన్న మాట, "సరే, 24 తీసుకో. ఎంతైతే అంత." డీలరుకి ఆ మాట వినిపిస్తే ఆ సాయంత్రానికే ఇన్‌వాయిస్ వచ్చేది. డాక్టరు గారి బావమరిది ఇంకో సలహా ఇచ్చాడు: లైసెన్సు గొడవ లేని ఓపెన్ సోర్సు పీబీఎక్స్ ఆస్టరిస్క్‌కి మారిపోదామని. ఆస్టరిస్క్ 1999 నుంచీ ఉన్నదే, నిజంగానే దానికి కాల్స్ లెక్కన లైసెన్సు లేదు. రెండు సలహాల్లోనూ ఒకటే లోపం ఉంది. అది చెప్పడానికి ఆయన టేబుల్ మీదున్న ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ మీదే లెక్క వేశాను.

డెస్కులో ఒక్కో పేషెంటుతో మాట్లాడే సమయం సగటున 110 సెకన్లు. ఆరుగురు ఆపకుండా మాట్లాడితే దాదాపు 18 సెకన్లకి ఒక కాల్ పూర్తవుతుంది. గంటకి 195 వరకు. క్యూలో ఐదుగురుంటే చివర చేరినవాడు ఎదురుచూసేది ఐదు పద్దెనిమిదిలు, తొంభై సెకన్లు. ఇప్పుడు లైసెన్సు 24 చేద్దాం. అదనంగా లోపలికొచ్చే ఎనిమిదిమందితో మాట్లాడేది ఎవరు? అమ్మాయిలు ఆరుగురే. ఆ ఎనిమిదిమందీ వెళ్లి క్యూలో నిలబడతారు. ఐదు పదమూడవుతుంది. తొంభై సెకన్లు నాలుగు నిమిషాలవుతాయి. గంటకి పూర్తయ్యే కాల్స్ మాత్రం అవే 195. బిజీ టోన్ బదులు ఫ్లూట్ వినిపిస్తుంది, అంతే తేడా. ఐసీయూ నుంచి బ్లడ్ బ్యాంకుకి అప్పుడూ ఫోన్ కలవదు, ఎందుకంటే 24 కూడా నిండిపోతుంది. లైసెన్సు అసలే లేని ఆస్టరిస్క్ అయితే క్యూ ట్రంకు నిండేదాకా పెరుగుతుంది.

డాక్టరు గారు కాసేపు ప్యాడ్ వైపు చూసి, "అంటే ఓపీ హాల్లో కుర్చీలు పెంచితే డాక్టర్లు పెరిగినట్టు కాదంటావ్" అన్నారు. ఆ పోలిక నాకు తట్టలేదు, ఆయనకే తట్టింది.

మరి ఏం చేయాలి? కాల్స్ ఎందుకొస్తున్నాయో చూడాలి, వచ్చినవి ఎంతసేపు ఉంటున్నాయో చూడాలి. గంటకి వచ్చే కాల్స్‌ని ఒక్కో కాల్ నిలిచే సెకన్లతో గుణించి 3600తో భాగిస్తే, సగటున ఒకేసారి ఎన్ని కాల్స్ బతికి ఉంటాయో వస్తుంది. ఆ కొలతకి ఎర్లాంగ్ అని పేరు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ 1917లో రాసిన సూత్రాలతోనే ఇప్పటికీ ఎన్ని లైన్లుంటే ఎన్ని కాల్స్ వెనక్కిపోతాయో లెక్కవేస్తున్నాం. సూత్రం చేత్తో వేయనక్కర్లేదు, పట్టికలు దొరుకుతాయి. సంగతల్లా ఆ గుణకారంలో ఉంది: కాల్స్ సంఖ్య తగ్గినా, ఒక్కో కాల్ నిడివి తగ్గినా ఫలితం ఒకటే. లైసెన్సు అనేది ఆ రెంటి తర్వాత వచ్చే మూడో అంకె.

నిడివి నుంచి మొదలుపెట్టాం. స్వాగతం మెసేజ్ 38 సెకన్లు. గంటకి 195 మంది 38 సెకన్లు వింటే ఎప్పుడు చూసినా ఇద్దరు దాన్నే వింటూ ఉంటారు. కాగితం మీద రాసుకున్న ఆ ఇద్దరూ వీళ్లే. అంటే హెల్త్ చెకప్ ప్రకటన కోసం రెండు కాల్స్ లైసెన్సు కట్టేస్తున్నారన్నమాట. మార్కెటింగ్ వాళ్లతో చిన్న గొడవ జరిగింది. చివరికి తెలుగులో ఆసుపత్రి పేరు, "అపాయింట్‌మెంట్‌కి ఒకటి, ఎమర్జెన్సీకి రెండు", అంతే. 9 సెకన్లు. ఎమర్జెన్సీ మొదట చెప్పాలా, అపాయింట్‌మెంట్ మొదటా అని అరగంట చర్చ నడిచింది, దాన్ని వదిలేద్దాం.

ఆ పని చేస్తుంటేనే ఇంకోటి దొరికింది. ఏ నంబరూ నొక్కకపోతే మెసేజ్ మళ్లీ మొదటికొచ్చేది, ఎన్నిసార్లైనా. పాత రికార్డు తిరగేస్తే ఓ ఆదివారం రాత్రి ఒకే కాల్ 47 నిమిషాలు నడిచింది. ఎవరి జేబులోనో ఫోన్ నొక్కుకుపోయి ఉంటుంది. పాపం ఆ జేబు మా స్వాగతాన్ని డెబ్భై సార్లకి పైగా విన్నది. రెండుసార్లు విన్నాక ఆపరేటరుకి పోయేలా, అక్కడా ఎవరూ తీయకపోతే కట్ అయ్యేలా మార్చాను.

తర్వాత కాల్స్ సంఖ్య. డెస్కు అమ్మాయిల్ని మూడు రోజులు ఒక నోట్‌బుక్‌లో గీతలు గీయమన్నాం: కొత్త అపాయింట్‌మెంటు, మార్పు, రిపోర్టు, ఇతరాలు. సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఏ రిపోర్టు కన్నా ఆ నోట్‌బుక్ ఎక్కువ చెప్పింది. మూడోవంతు గీతలు ఒకే ప్రశ్నకి: "మా రిపోర్ట్ వచ్చిందామ్మా?" దానికి మనిషి అక్కర్లేదు. ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టు సంతకం కాగానే ఎస్సెమ్మెస్ పోయేలా పెట్టించాం. చెప్పినంత తేలిక కాలేదు. మన దేశంలో వ్యాపార ఎస్సెమ్మెస్ పంపాలంటే హెడరు (పంపేవాళ్ల పేరు), మెసేజ్ టెంప్లేటు రెండూ డీఎల్‌టీ అనే టెలికం కంపెనీల రిజిస్ట్రీలో రిజిస్టరు చేయించాలి. మొదటి టెంప్లేటు వెనక్కొచ్చింది, రెండోది ఒప్పుకున్నారు. అది తేలేవరకు నోటీసు బోర్డు మీద "రిపోర్టులు సాయంత్రం 5 తర్వాత" అని రాసి నెట్టుకొచ్చాం.

మళ్లీ మళ్లీ కొట్టేవాళ్ల సంగతి కూడా చెప్పాలి. లాగ్‌లో ఒక గంటలో తిరస్కరించిన కాల్స్ నాలుగు వందలకి పైగా కనిపించాయి. చూడగానే గుండె ఆగినంత పనైంది. నంబర్లు కలిపి చూస్తే వంద మంది కూడా లేరు. ఒకాయన ఇరవై మూడుసార్లు కొట్టాడు. తిరస్కరించిన కాల్స్ అన్నిటినీ కొత్త డిమాండు అనుకుని లెక్క వేసుంటే నేనే డాక్టరు గారికి 32 లైసెన్సు అంటగట్టేవాణ్ణి. కలవకపోవడం వల్లే పుట్టే కాల్స్ అవి, కలిస్తే పోతాయి.

మనుషుల విషయంలో, సోమవారం తొమ్మిది నుంచి పదకొండు దాకా బిల్లింగ్ నుంచి ఒకమ్మాయిని డెస్కుకి తెచ్చి కూర్చోబెట్టారు. ఒక్క మనిషితో ఏమవుతుందని సూపర్‌వైజరు మేడమ్ అనుమానం. రిపోర్టు కాల్స్ పోయాక, ఇంతకుముందు లోపలికే రాలేనివాళ్లు కలిశాక, గంటకి 150 వస్తాయని అంచనా వేశాం. ఆరుగురుంటే సగటు ఎదురుచూపు 35 సెకన్లు, ఏడుగురుంటే 11. క్యూ అంచున ఉన్నప్పుడు ఒక్క మనిషి చేసే తేడా ఎప్పుడూ మన ఊహకి మించే ఉంటుంది.

డాక్టర్ల సెల్ ఫార్వర్డింగు తీసేసి, వాళ్ల ఫోన్లలోనే ఎక్స్‌టెన్షన్ యాప్ పెట్టాను. దాంతో ట్రంకు ఛానెల్ ఒకటి మిగులుతుంది, లైసెన్సులో తేడా ఉండదు. ఇద్దరు పెద్ద డాక్టర్లు యాప్ వద్దన్నారు. వాళ్లకి పాత పద్ధతే ఉంచాం. కొన్ని పోరాటాలు అనవసరం.

ఇక ఐసీయూ. నా మటుకు అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఇదే, పట్టింది పది నిమిషాలు. ట్రంకు సెట్టింగులో బయటి నుంచి వచ్చే కాల్స్‌కి 12 అని పరిమితి పెట్టాను. లైసెన్సు 16 అయినా, బయటి జనం ఎంత ఎగబడినా పన్నెండే లోపలికొస్తాయి. నాలుగు ఎప్పుడూ ఖాళీగా, ఆసుపత్రి లోపలి అవసరాలకీ, బయటికి చేసే ఫోన్లకీ ఉంటాయి. కొన్నదాన్ని పూర్తిగా వాడకుండా ఆపుతావేంటని బావమరిది అడిగాడు. ఐసీయూ సిస్టర్ ఎదురుగానే ఉంది, జవాబు ఆవిడే చెప్పింది. క్యూలో కూడా నలుగురికి మించి నిలబెట్టకుండా, ఐదో మనిషికి "మేమే ఫోన్ చేస్తాం" అని చెప్పి నంబరు నోట్ చేసుకునేలా పెట్టాం. తిరిగి చేసే ఫోన్లు పదకొండు దాటాకే. లేకపోతే ఆ కాల్స్ కూడా రద్దీలోనే వచ్చి పడతాయి.

ఇప్పుడు గుణకారం మళ్లీ వేస్తే: గంటకి 150 కాల్స్, ఒక్కోటి 9 సెకన్ల స్వాగతం, 11 సెకన్ల క్యూ, 110 సెకన్ల మాట, మొత్తం 130 సెకన్లు. 5.4 ఎర్లాంగ్. డాక్టర్లకి నేరుగా వచ్చేవి ఇంకో 0.4. మొత్తం 5.8. పట్టికలో 12 లైన్లకి ఎదురుగా చూస్తే నూటికి ఒక కాల్ వెనక్కిపోయే స్థాయి దాదాపు అదే. వెనకటి రోజుల్లో బయటి కాల్స్ మాత్రమే సగటున 13, 14 నడుస్తూ ఉండేవి.

పట్టిక చెప్పినంత నున్నగా ఏమీ లేదు. ఆ సూత్రం కాల్స్ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయని అనుకుంటుంది. సోమవారం తొమ్మిదింటికి జనం గడియారం చూసుకుని మరీ కొడతారు. మొదటి ఐదారు నిమిషాలు పన్నెండూ నిండుతున్నాయి, కొందరికి ఇంకా బిజీ వస్తోంది. ఎనిమిదిన్నరకే డెస్కు తెరిస్తే సర్దుకుంటుందని చెప్పాను. షిఫ్టు మార్చడానికి అమ్మాయిలు ఒప్పుకోలేదు. బస్సులు కుదరవన్నారు, అదీ న్యాయమే.

24 లైసెన్సు కొటేషన్ ఇంకా నా మెయిల్‌లోనే ఉంది. నరసరావుపేటలో వాళ్లు ఒక క్లినిక్ తెరవబోతున్నారు, ఆ ఫోన్లూ ఈ సర్వర్ మీదికే వస్తాయి. మొన్న డాక్టరు గారు అడిగారు, ఇప్పుడైనా కొందామా అని. క్లినిక్ తెరిచిన మూడు వారాలకి డెస్కులో ఒక నోట్‌బుక్ పెట్టించండి, గీతలు చూసి చెప్తానన్నాను.